రొట్టెల కొండ

చనిపోయిన రెండున్నర నెలలకి మా తమ్ముడు మా అమ్మతో మాట్లాడాడు. మాట్లాడించింది నేను.

వాడి పేరు షానవాజ్. ఇరవై రెండేళ్ళు. మార్టూరులో గ్రానైట్ పలకలకు పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. కార్తీక మాసంలో ఒక ఆదివారం స్నేహితుడు కోటేష్‌తో కలిసి వాడరేవు వెళ్ళాడు. ఇద్దరూ సముద్రంలో దిగారు. ఒకే అల ఇద్దర్నీ లోపలికి లాగింది. కోటేష్‌ని జాలర్లు తాడు వేసి ఒడ్డుకు తెచ్చారు. మా వాడు దొరకలేదు. ఆ రోజు దొరకలేదు, ఆ తర్వాతా ఏ ఒడ్డునా దొరకలేదు.

మాది పర్చూరు పక్కన చిన్న ఊరు. దూదేకుల వాళ్ళం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన ఎప్పుడో పోయాడు. మిగిలింది అమ్మ, నేను. మసీదు పెద్దలు వారం రోజులు చూసి, శవం లేకుండానే జనాజా నమాజు చదివిస్తామని వచ్చారు. అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది.

"నా కొడుకుని చూపించి చదవండి," అంది. "చూపించలేకపోతే నా ఇంటికి రాబాకండి."

వాళ్ళు మసీదులో చదివారు. అమ్మ ఆ పూట తలుపేసుకుంది. ఆ తర్వాత రెండు రోజులకోసారి బస్సెక్కి వాడరేవు పోయేది. చెప్పులు చేతపట్టుకుని ఇసకలో నడుస్తూ, వలలు బాగుచేసుకునే ప్రతి ఒక్కరినీ అడిగేది. అలా తిరుగుతున్నప్పుడే గవ్వ పెంకు ఏదో కోసుకుని కుడికాలి బొటనవేలు తెగింది. అమ్మకి షుగర్. మాత్రలు మానేసి అప్పటికి నెల. సంక్రాంతి దాటేసరికి వేలు నల్లబడింది.

చీరాలలో డాక్టరు కట్టు విప్పి చూసి నన్ను పక్కకి పిలిచాడు.

"వేలు తీసెయ్యాలి. వారం ఆగితే పాదం తియ్యాలి. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదమ్మా."

అమ్మ వినేసింది. "ఎవరూ నా కాలు ముట్టుకోబాకండి," అంది. "నా కొడుకు వచ్చి తీయించుకోమని చెప్పాలి. అప్పుడు తీయించుకుంటా."

బతిమాలాను. అరిచాను. ఆమె బంధువులందరూ వచ్చి చెప్పారు. మూడు రోజులు పోయాయి.

నేను పర్చూరు సెంటర్లో చైతన్యకృష్ణ గారి ఫొటో స్టూడియోలో పనిచేస్తాను. పెళ్ళి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు చేస్తాం. కిందటి ఏడాది నుంచి ఇంకో పని కూడా మొదలైంది. పెళ్ళినాటికి లేని తండ్రుల్ని, తాతల్ని తెర మీద మాట్లాడించడం. ఒక ఫొటో, గొంతు ఉన్న రికార్డింగు ఒకటి తెస్తే చాలు. పోయిన మనిషి కళ్ళార్పుతాడు, నవ్వుతాడు, "చల్లగా ఉండు తల్లీ" అంటాడు. ఫంక్షన్ హాల్లో అందరూ ఏడుస్తారు. ఆ పని నాకు బాగా వచ్చు. చైతన్యకృష్ణ గారే, "నీ చేతిలో అయితే బతికొస్తారమ్మా" అనేవారు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు మా తమ్ముడి ఫొటో పెట్టాను. వాడి గొంతు నా ఫోన్లో ఎంత కావాలంటే అంత ఉంది. అక్కా గేటు తియ్యి, అక్కా బ్యాలెన్స్ వెయ్యవే, ఏందే ఫోనెత్తవు. అన్నీ అలాంటివే. మొహం నున్నగా చేసే మీట అలవాటుకొద్దీ నొక్కాను. పని గంటలో అయిపోయింది.

సాయంత్రం అమ్మ మంచం పక్కన కూర్చుని ఫోను ముందు పెట్టాను.

"అమ్మా, నేను బాగున్నా," అన్నాడు షానవాజ్. "కాలు చూపించుకో. డాక్టరు చెప్పినట్టు చెయ్యి. నేను చెప్తన్నాగా, భయపడబాక."

అమ్మ ఏడవలేదు. చెయ్యి చాపి వాడి చెంప ముట్టుకుంది. వేలు తగిలి వీడియో ఆగిపోయింది.

"అయ్యో! పోయాడా? నా వేలు తగిలి పోయాడా?"

"లేదమ్మా, మళ్ళీ వస్తాడు." మళ్ళీ పెట్టాను. ఏడుసార్లు పెట్టాను.

"ఎక్కడున్నాడంట?"

"చెప్పలేదమ్మా."

"తమిళోళ్ళ పడవ ఎక్కించుకుని ఉంటది," అంది అమ్మ. "వాళ్ళ మాట వీడికి రాదు గదా. కాగితాలు లేవు, ఏమీ లేవు. పోలీసోళ్ళు పట్టుకుంటారని దాక్కుని ఉంటాడు. ఎవరికీ చెప్పబాకే."

పడవని మనసులో ఆమే కట్టుకుంది. పోలీసుల్నీ ఆమే తెచ్చుకుంది. నేను తలూపాను, అంతే.

మర్నాడు వేలు తీశారు. ఇంకో నాలుగు రోజులు ఆగితే కాలు దక్కేది కాదని డాక్టరు అన్నాడు. అందుకే ఆ మొదటి వీడియో గురించి నన్ను నేను ఇవాళ్టికీ పూర్తిగా తిట్టుకోలేను. ఆ తర్వాతవాటి సంగతి వేరు.

మాఘమాసం వెళ్ళేలోపు అమ్మ మళ్ళీ పనికి పోయింది. సుబ్బరావమ్మగారి మిరపకాయల కల్లం మా వీధి చివరే. ఆమె కొడుకే కోటేష్. ఎర్రగా పరిచిన కాయల పక్కన పది మంది ఆడవాళ్ళు కూర్చుని రంగు పోయిన తాలుకాయ ఏరుతుంటే, అమ్మ కట్టు కట్టిన కాలు చాపుకుని స్టూలు మీద కూర్చునేది. ఘాటుకి అందరూ కొంగులు మూతికి కట్టుకుంటే ఆమె మాత్రం కట్టుకోదు. మాట్లాడుతూ ఉంటుంది. నవ్వుతూ ఉంటుంది. ఇంటికి రాగానే చేతులు కడుక్కుని నా పక్కన చేరేది.

"వాడేమన్నా పంపాడా?"

అన్నం తింటోంది. మాత్రలు వేసుకుంటోంది. లేదని ఎలా చెప్పను? రెండోది చేశాను. మూడోది చేశాను. "ఇక్కడ చేపల కూర పెడుతున్నారమ్మా, నీ కూరలాగా లేదు" అని ఒకదాంట్లో అనిపించాను. ఆ మాటకి ఆమె పడీపడీ నవ్వింది. ఆ నవ్వు కోసం నాలుగోది చేశాను.

రంజాన్ నెలవంక కనపడిన సాయంత్రం అమ్మ, "నేను కూడా మాట్లాడతా, పంపించు," అని ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. "నాయనా షానూ, పండక్కి వస్తావా? ఒక్క మాట చెప్పు, చాలు."

రెండు రోజులు ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాను. మూడో రోజు ఆమె కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. మర్నాడు స్టూడియోలో మా తమ్ముడి చేత, "వస్తానమ్మా, పండగనాటికి ఇంట్లో ఉంటా" అనిపించాను.

అనిపించాక గాని తెలియలేదు, నేను ఒక తేదీ పెట్టానని. నెలవంకకీ నెలవంకకీ మధ్య ముప్ఫై రోజులు. రోజూ ఒకటి తగ్గుతోంది. అమ్మ గోడలకు సున్నం కొట్టించింది. వాడి పాత చొక్కా కొలతకి ఇచ్చి దర్జీ దగ్గర తెల్ల కుర్తా కుట్టించింది. భుజాలు కాస్త వదులు పెట్టమందట, బరువులు మోసి వెడల్పయ్యి ఉంటాడని. నేను రోజా ఉపవాసంలో ఉండి కూడా ఆకలి తెలియని స్థితికి వచ్చాను. పండగ ముందురోజు ఏం చెప్పాలి? మళ్ళీ ఇంకో వీడియోనా? ఇంకో పండగా?

మూడో వారంలో కోటేష్ స్టూడియోకి వచ్చాడు. సముద్రం నుంచి బయటపడ్డాక వాడు ఇల్లు దాటి రావడం నేను చూడలేదు. చేలోకి కూడా పోవడం లేదని సుబ్బరావమ్మగారు బాధపడేది. ఇప్పుడు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా, వాడు బతికే ఉన్నాడంట గదా!"

నేను లేచి నిలబడ్డాను. "ఎవరు చెప్పారు?"

"మీ అమ్మ మా అమ్మ చెవిలో చెప్పింది. ఎవరికీ చెప్పొద్దందంట. నేను ఎవరికీ చెప్పనక్కా, ఒట్టు. నాకు ఒక్కసారి నెంబరియ్యి."

"ఎందుకురా?"

"వాడి చెయ్యి నా చేతిలో ఉందక్కా ఆ రోజు. నేను వదల్లేదు. జారిపోయింది. నేను వదిలేశానని అనుకుంటన్నాడేమో. ఆ ఒక్క మాట చెప్పి పెట్టేస్తా."

నా వెనక కంప్యూటర్ తెర మీద ఎవరో పెళ్ళికూతురి తండ్రి సగం నోరు తెరిచి ఆగి ఉన్నాడు. కోటేష్ ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. ఇంకా అర్థం కాలేదు వాడికి. అబద్ధం చెప్పడం అప్పటికి నాకు అలవాటయింది. నెంబరు కలవడం లేదని చెప్పి పంపించెయ్యొచ్చు. వాడి చెయ్యి నా వైపు చాపే ఉంది.

నేను కుర్చీ పక్కకి జరిపి, ఫైలు తెరిచి చూపించాను. షానవాజ్ తెర మీద నవ్వాడు. పండగనాటికి ఇంట్లో ఉంటానన్నాడు. నేను మీట నొక్కి వాడి చేత అదే మాట ఇంకోసారి, నెమ్మదిగా చెప్పించాను. తర్వాత కళ్ళు మూసుకునేట్టు చేశాను.

కోటేష్ బల్ల పట్టుకుని కూర్చున్నాడు.

"నువ్వా?"

"అమ్మ వేలు తీయించుకోనందిరా. చచ్చిపోయేది."

"మొన్న మా అమ్మ చెప్పిన కాణ్ణించి నేను అన్నం తింటన్నానక్కా," అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపంగా ఉన్నా బాగుండేది. "నిద్ర కూడా పట్టింది."

గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నేను మీ అమ్మకి చెప్పను. నువ్వే చెప్పు. పండగ లోపల చెప్పు."

ఆ శుక్రవారం మధ్యాహ్నం అమ్మ నన్ను అమీర్‌బీ అత్త ఇంటికి తీసుకెళ్ళింది. ఊళ్ళో ఆడపిల్లలకి ఖురాన్ చదువు చెప్పేది ఆమే. రంజాన్ శుక్రవారాల్లో ఆమె వసారాలో ఆడవాళ్ళందరం చేరతాం. ఆమె ఖురాన్‌లోని కహఫ్ సూరా అనే అధ్యాయం చదివి, కాసేపు మంచి మాటలు చెప్తుంది. ఆ రోజు చదవడం అయ్యాక కళ్ళజోడు తీసి, "ఈ సూరాలో మొదటి పది ఆయతులు నోటికి రావాలి మీకు," అంది. "దజ్జాల్ వచ్చిననాడు అవే కాపాడతాయి."

దజ్జాల్ పేరు మాకు చిన్నప్పటినుంచీ తెలుసు. కయామత్‌కి, అంటే లోకం అంతమయ్యే రోజుకి, ముందు వచ్చే పెద్ద మోసగాడు. ఒక కన్ను గుడ్డిది. నేనే మిమ్మల్ని కాపాడేవాణ్ణి అంటాడు, చివరికి నేనే దేవుణ్ణి అంటాడు. నలభై రోజులు లోకమంతా తిరుగుతాడు, మక్కా మదీనాల్లోకి మాత్రం అడుగు పెట్టలేడు. ఈసా ప్రవక్త, అంటే యేసు, దిగివచ్చి వాణ్ణి చంపుతాడు.

ఎవరో కుర్రకోడలు అడిగింది. "ఒంటికన్నోడని తెలిశాక గూడా జనం ఎట్టా నమ్ముతారత్తా?"

"కరువులో వస్తాడే వాడు," అంది అమీర్‌బీ అత్త. "వాన ఉండదు, గింజ ఉండదు. అప్పుడు రొట్టెల కొండ వెంటబెట్టుకుని వస్తాడు. వాడు చూపించే నీళ్ళు నిప్పు, నిప్పు నీళ్ళు. అంతేనా, ఒకడి దగ్గరికి పోయి, చచ్చిపోయిన మీ అమ్మానాయనల్ని లేపి చూపిస్తే నన్ను నమ్ముతావా అంటాడు. షైతాన్లు ఆ అమ్మలాగా ఆ నాయనలాగా తయారై వచ్చి నిలబడతారు. అదే మొహం, అదే గొంతు. 'నాయనా, ఈయన చెప్పినట్టు చెయ్యి' అంటారు."

వసారాలో అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. ఎవరూ చూడటం లేదు. పక్కన అమ్మ కాలు చాపుకుని, కట్టు మీద ఈగని తోలుకుంటూ కూర్చుంది. నా వైపు తిరగకుండానే అడిగింది.

"అక్కా, చదువుకున్నోళ్ళంటే సరే. నాబోటిదానికి వాడు దొంగని ఎట్టా తెలుస్తది?"

"నుదుటి మీద కాఫిర్ అని రాసి ఉంటది జాన్‌బీ. ఈమాన్ ఉన్నోళ్ళు, గట్టిగా నమ్మినోళ్ళు, చదువొచ్చినా రాకపోయినా ఆ నుదురు చదువుతారు."

"సరే," అంది అమ్మ.

ఇంటికొచ్చి పొయ్యి మీద గంజి పెట్టింది. షుగర్ వల్ల ఆమెను రోజా ఉండొద్దని డాక్టరు చెప్పాడు. నాకోసమే వండేది. ఖర్జూరాలు కడిగి పళ్ళెంలో పెట్టింది. మగ్రిబ్‌కి, ఉపవాసం విడిచే వేళకి, ఇంకా అరగంట ఉంది.

"ఫోను తీసుకురా. వాడిది పెట్టు."

"ఏదమ్మా?"

"పండక్కొస్తానన్నది."

పెట్టాను. ఫోను ఆమే తీసుకుంది.

"ఇక్కడ ఆపు."

ఆపాను. తెర నిండా వాడి మొహం. అమ్మ తన బొటనవేలు వాడి నుదుటి మీద, ఎడమ కనుబొమ్మకి పైన పెట్టింది.

"ఇక్కడ ఏమీ లేదే."

నేను చూశాను. నున్నగా ఉంది.

"వాడికి నాలుగేళ్ళప్పుడు సుబ్బరావమ్మగారి కల్లంలో కాటా కొక్కెం తగిలి నుదురు చీలింది," అంది అమ్మ. "మూడు కుట్లు. కొంగు అదిమిపెట్టి పర్చూరు దాకా పరిగెత్తా. ఆ మచ్చ ఏది?"

"అమ్మా..."

"మొదటిరోజు నాకు కనపళ్ళేదు, కళ్ళు మసకలు. రెండోరోజు తెలిసింది, మచ్చ లేదని."

నేను నేల మీద కూర్చుండిపోయాను. "రెండోరోజే తెలిస్తే మరి ఇన్నాళ్ళూ..."

"కరువులో ఉన్నోళ్ళు దొంగ రొట్టె అని తెలిసినా తింటారే. నేనూ తిన్నా." ఫోను నా ఒళ్ళో పెట్టింది. "నువ్వు వండి పెడతన్నావని కూడా తెలుసు. పాపం, ఎంత కష్టపడి చేస్తందో అనుకునేదాన్ని. నాకు దాంతో భయం లేదు. కుర్తా కుట్టించినప్పుడు భయమేసింది. దర్జీకి భుజాలు వదులు పెట్టమని చెప్తన్నా, చెప్తా చెప్తా నేను నిజంగానే ఎదురు చూస్తన్నా. దొంగని తెలిసి గూడా ఎదురు చూస్తన్నా. అప్పుడనుకున్నా, ఇంక ఈ రొట్టె తినకూడదని. అనుకుని గూడా రోజూ అడిగా."

నాకు ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. "నన్ను క్షమించమ్మా," అన్నాను. ఆ మాట ఎంత చిన్నగా వచ్చిందంటే ఆమెకు వినపడిందో లేదో తెలియదు.

అజాన్ అయింది. ఆమె ఒక ఖర్జూరం తీసి నా నోట్లో పెట్టింది. నేను గంజి తాగేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"చెరిపెయ్యి. ఒక్కొక్కటే. నేను చూస్తంటే."

మొత్తం తొమ్మిది. ఎనిమిదింటిని చూస్తూ ఉంది. తొమ్మిదోది కాలు చూపించుకోమన్న మొదటి వీడియో. దానికి మాత్రం మొహం పక్కకి తిప్పుకుంది.

"ఇంకెక్కడన్నా ఉన్నాయా?"

"షాపులో."

"రేపు పొద్దున్నే పోయి తీసెయ్యి."

తీసేశాను. అలాంటి పని ఇక చెయ్యనని చైతన్యకృష్ణ గారితో చెప్పాను. "పెళ్ళిళ్ళ సీజన్లో ఇట్టా అంటే ఎట్టామ్మా?" అని విసుక్కున్నారు గాని, పొమ్మనలేదు. ఆ పెళ్ళికూతురి తండ్రిది మాత్రం అప్పటికే సగం అయిపోయింది. పూర్తి చేసి ఇచ్చాను. ఆ అమ్మాయి చూసి ఏడ్చి, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. అది తప్పో ఒప్పో నాకు ఇప్పటికీ తేలలేదు.

పండగకి రెండు రోజుల ముందు అమ్మ అమీర్‌బీ అత్తని పిలిపించి వాడి పేరున ఇంట్లో ఖురాన్ చదివించింది. ఫాతెహా ఇప్పించింది. ఎవరు చెప్పినా చేయించనిది తనే చేయించింది. సుబ్బరావమ్మగారితో పాటు కోటేష్ వచ్చి వాకిట్లో దూరంగా నిలబడ్డాడు. అమ్మ కుంటుకుంటూ వాడి దగ్గరికే వెళ్ళింది.

"ఏ చెయ్యిరా?"

వాడు తల దించుకుని కుడిచెయ్యి చాపాడు. అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. వేళ్ళు విప్పి చూసింది. అరచేతిని తన చెంపకి ఆనించుకుంది. వాడు అక్కడే, అందరి ముందూ, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నువ్వు వదల్లేదులే," అంది అమ్మ. "నాకు తెలుసులే." కుర్తా ఎవరికిచ్చిందో నేను అడగలేదు.

పండగ వెళ్ళింది. కాయలన్నీ మార్కెట్ యార్డుకి పోయి కల్లం ఖాళీ అయింది. ఎండలు ముదిరాక ఒక పొద్దున జనాభా లెక్కలకి ఊరి బడి టీచరు వచ్చింది. చేతిలో ఫోను, మెడలో కార్డు. ఇల్లు సొంతమా, కుళాయి ఉందా, గోడలు దేంతో కట్టారు అని ఒక్కొక్కటే అడుగుతూ నొక్కుకుంటోంది. అమ్మ గుమ్మంలో కూర్చుని జవాబులు చెప్తోంది. నేను లోపల జడ వేసుకుంటున్నాను.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు జాన్‌బీ?"

జడ వదిలేసి నేను గబగబా ముందుకొచ్చాను. ఏదో ఒకటి నేనే చెప్పేద్దామని. అమ్మ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఇద్దరం."

టీచరు తలెత్తింది. షానవాజ్ చిన్నప్పుడు ఆమె దగ్గర చదువుకున్న పిల్లాడే. వేలు తెర మీదే ఆగిపోయింది.

"కొడుకు ఉండేవాడు," అంది అమ్మ. "కార్తీకంలో సముద్రంలో పోయాడు. ఇప్పుడు ఇద్దరమే. నొక్కమ్మా."

టీచరు నొక్కింది. అమ్మ నా వైపు తిరిగి, "టీచరమ్మ ఎండనపడి వచ్చింది, మజ్జిగ తీసుకురా," అంది.